రియర్ అడ్మిరల్‌ని తెలుగులో ఏమందాం?

గ్రూపులో అందరికీ నమస్కారం. పిల్లల పత్రిక కోసం కాలింగ్‌వుడ్ అనే బ్రిటిష్ నౌకాధికారి గురించి రాస్తున్నాను. 1805లో స్పెయిన్ తీరాన ట్రఫాల్గర్ దగ్గర జరిగిన సముద్రయుద్ధంలో బ్రిటిష్ నౌకల్ని నడిపిన నెల్సన్ చనిపోయాక మొత్తం నౌకల బాధ్యత నెత్తికెత్తుకున్నది ఈయనే. కథంతా సాఫీగానే నడిచింది, పదవుల దగ్గరే ఆగిపోయాను. 1799లో ఆయన రియర్ అడ్మిరల్ ఆఫ్ ద వైట్, 1801లో రియర్ అడ్మిరల్ ఆఫ్ ద రెడ్, 1804లో వైస్ అడ్మిరల్ ఆఫ్ ద బ్లూ. మొదటి చిత్తులో "తెల్ల వెనుక నౌకాధిపతి" అని రాశాను. మా అమ్మాయి చదివి, "తెల్లగా ఉంటాడా, వెనక ఉంటాడా?" అని పడీపడీ నవ్వింది. మీరైతే ఏమంటారు?

వ్యాఖ్య: రెండింటికీ "ఉప నౌకాధిపతి" అనేయండి మేడమ్. పిల్లలకు అంత తేడా ఎందుకు?

జవాబు: అలా కలిపేస్తే కథే పోతుందండీ. వైస్ అంటే ఒకరి బదులు నిలబడేవాడు. వైస్ చాన్సలర్‌ని ఉపకులపతి అంటాం కదా, యూనివర్సిటీ నడిపేది ఆయనే. వైస్ అడ్మిరల్‌కి "ఉప" సరిపోతుంది. రియర్ సంగతి వేరు. తెరచాప ఓడలు బారులు తీరి యుద్ధానికి వెళ్ళే రోజుల్లో నడిమి ఓడలు అడ్మిరల్‌వి, ముందువి వైస్ అడ్మిరల్‌వి, వెనకవి రియర్ అడ్మిరల్‌వి. తన ఓడ మీద జెండా కట్టేదీ అదే లెక్కన: అడ్మిరల్‌ది నడిమి స్తంభానికి, వైస్‌ది ముందు స్తంభానికి, రియర్‌ది వెనక స్తంభానికి. నిలబడే చోటు పేరే పోను పోను హోదా పేరైంది. ఇప్పుడు రియర్ అడ్మిరల్ వెనకే ఉండాలనేం లేదు కాబట్టి, "వెనుక" అని అనువదిస్తే అర్థం తప్పుదోవ పడుతుంది.

వ్యాఖ్య: మరి రంగులు? ఎరుపు దాటాక మళ్ళీ నీలమేంటి? డిమోషనా?

జవాబు: కాదు, ప్రమోషనే! ఎరుపు, తెలుపు, నీలం అని మూడు దళాలు, అందులో ఎరుపు పెద్దది. ఒక హోదాలో నీలం, తెలుపు, ఎరుపు మెట్లు ఎక్కాక పై హోదాలో మళ్ళీ నీలంతో మొదలు. ఏడో తరగతి సీ సెక్షన్ నుంచి ఏ సెక్షన్‌కి వచ్చి, అక్కణ్నుంచి ఎనిమిదో తరగతి సీ సెక్షన్‌లో కూర్చున్నట్టు. ట్రఫాల్గర్ నాటికి నెల్సన్ తెలుపు వైస్ అడ్మిరల్, కాలింగ్‌వుడ్ నీలం. పద్ధతి ప్రకారం ఇద్దరి ఓడల మీదా వేరు వేరు రంగు జెండాలు ఎగరాలి. యుద్ధంలో గందరగోళం అవుతుందని అందరినీ తెల్ల జెండాయే కట్టమన్నాడు నెల్సన్. ఈ రంగుల గోల 1864లో పోయింది. తెల్ల జెండా నౌకాదళానికి, ఎర్రది వర్తక నౌకలకు మిగిలాయి.

వ్యాఖ్య: నెల్సన్ వయసులో చిన్నవాడు కదా, పైన ఎలా ఉన్నాడు?

జవాబు: పదేళ్ళు చిన్న. కానీ 1779లోనే పూర్తి కెప్టెన్ అయ్యాడు, కాలింగ్‌వుడ్ 1780లో. ఆ తేదీ ఒకసారి పడిందంటే వరస మారదు, పైవాళ్ళు ఖాళీ చేసేదాకా కాచుక్కూర్చోవడమే. అందుకే నెల్సన్ 1797లో రియర్ అడ్మిరల్ అయితే ఈయన 1799 దాకా ఆగాడు. పనికిరాడనుకున్న కెప్టెన్ వంతు వచ్చినప్పుడేం చేసేవారో తెలుసా? రియర్ అడ్మిరల్‌ని చేసేవారు, ఏ దళమూ ఇచ్చేవారు కాదు. నావికులు వాళ్ళని పసుపు అడ్మిరల్స్ అని ఎగతాళి చేసేవారు, పసుపు దళమంటూ లేదు కనుక. మన ఆఫీసు భాషలో "లూప్‌లైన్‌లో పడేశారు" అన్నట్టే. కాకపోతే లూప్‌లైన్‌లో కనీసం కుర్చీ అయినా ఉంటుంది.

వ్యాఖ్య: అడ్మిరల్ మాత్రం అచ్చమైన ఇంగ్లిష్ అనుకుంటున్నారా? అరబ్బీ అమీర్, అంటే ఆజ్ఞాపించేవాడు. అమీర్‌పేటలో ఉన్నది ఆ మాటే. మీర్ ఆలం చెరువులో మీర్ కూడా దాన్నుంచి వచ్చిందే. అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్ళే పిల్లలకు చెప్పండి, సగం అడ్మిరల్స్ అయిపోయినట్టే!

జవాబు: బావుంది, ఇది పెట్టెకట్టి వేస్తాను. నా నిర్ణయం ఇదీ: రియర్ అడ్మిరల్‌ని అలాగే ఉంచి, ముందు రంగు చేర్చి "తెల్లదళం రియర్ అడ్మిరల్" అంటాను. విశాఖ పిల్లలకు ఆ మాట కొత్తేమీ కాదు, తూర్పు నౌకాదళం అధిపతిది వైస్ అడ్మిరల్ హోదా, పేపర్లో చూస్తూనే ఉంటారు. ఇక కాలింగ్‌వుడ్, పాపం, ఇంటికి పంపమని ఎంత అడిగినా వదల్లేదు. ఊళ్ళో ఉన్న రోజుల్లో జేబులో ఓక్ గింజలు వేసుకుని దారి పొడుగునా నాటేవాడట, ముందు ముందు ఓడలకు కలప కావాలని. 1810లో సముద్రం మీదే పోయాడు, ఎర్రదళం వైస్ అడ్మిరల్‌గా.

ఇంకొక్క సందేహం. పైన "వెనక స్తంభం" అని రాశాను గానీ తృప్తిగా లేదు. కోరంగి, కాకినాడ, మచిలీపట్నం వైపు పాత పడవవాళ్ళు దానికి ఏదో ఒక మాట వాడే ఉంటారు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటే కాస్త అడిగి చెప్పరూ?