ధనిక రాష్ట్రాల పన్ను పేద రాష్ట్రాలకు పంచడం న్యాయమేనా?

నిర్మొహమాటం:
2021-26 కాలానికి కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం ఇమ్మని పదిహేనో ఆర్థిక సంఘం చెప్పింది. ఎవరికెంత అన్న ఆ లెక్కలో 45 శాతం తూకం తలసరి ఆదాయ వ్యత్యాసానిదే. వెనకబడిన కొద్దీ ఎక్కువ వస్తుంది. ఉత్తరప్రదేశ్‌కు దాదాపు 18 శాతం, కేరళకు 1.925. బడులు నడిపి, జనాభాను అదుపు చేసినందుకు దక్కేది ఇదా? మా వీధిలో మురుగు కాలువ మూడేళ్లుగా పొంగుతోంది. అడిగితే నిధులు లేవంటారు.

లెక్కలమాస్టారు:
ఆ లెక్కలోనే జనాభా అదుపునకు 12.5 శాతం తూకం ఉంది. చూడలేదా?

నిర్మొహమాటం:
చూశాను. 45 ముందు అదెంత?

వలసపక్షి:
అసలు ఆ పన్ను ‘మీది’ ఎలా అయింది? గని ఒక రాష్ట్రంలో ఉన్నా, కంపెనీ పన్ను ప్రధాన కార్యాలయం ఉన్న నగరం లెక్కలో పడుతుంది. 1950లలో వచ్చిన రవాణా ఛార్జీల సమీకరణ విధానంతో ఉక్కు దేశమంతటా ఒకే ధరకు దొరికింది. గని పక్కన కర్మాగారం పెడితే కలిసివచ్చే లాభం పోయింది. బిహార్, ఒడిశా, బెంగాల్ నష్టపోయాయి.

నిర్మొహమాటం:
దాన్ని 1990ల తొలినాళ్లలోనే ఎత్తేశారు. ఇంకెన్నాళ్లు అదే మాట?

తటస్థురాలు:
పన్నుల మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీలను కేంద్రం రాష్ట్రాలతో పంచుకోదు. అది వదిలేసి మీలో మీరు కొట్లాడుకుంటున్నారు.

వలసపక్షి:
ఎన్నాళ్లా? మాది మన రాష్ట్రంలోనే వెనకబడిన జిల్లా. నాన్న రెండెకరాలు తాకట్టు పెట్టి నన్ను డిప్లొమా చదివించారు. మొదటి జీతం నుంచి నేను పన్ను కట్టింది మీ నగరంలో. పెంచిన ఖర్చు మా ఊరిది, పన్ను లెక్క మీది. ఇవాళ బిహార్‌ను అన్న మాటే రేపు మా జిల్లాను అంటారు. నాకు మండేది అక్కడ.

నిర్మొహమాటం:
మీ నాన్నగారిని నేనేమీ అనలేదు. ఇవ్వవద్దనీ అనడం లేదు. ఇచ్చిన డబ్బుతో ఒక్క పిల్లవాడైనా రైలెక్కకుండా సొంత ఊళ్లో పని దొరికించుకున్నాడా అని అడుగుతున్నాను. నిధి ఎంతన్నది చెబుతారు, దాంతో ఏం జరిగిందో చెప్పరు. నా కోపమంతా దాని మీదే.

లెక్కలమాస్టారు:
ఇది మొదటే చెప్పి ఉంటే సరిపోయేది.

వలసపక్షి:
ఆ లెక్క నాకూ కావాలి. మా మండలంలో ఐటీఐకి కొత్త భవనం కట్టారు. లేత్ యంత్రం వచ్చింది, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. నేర్పే మాస్టారి పోస్టు ఇప్పటికీ ఖాళీ.