గోపాల్‌పూర్ సముద్రపు నీళ్లతో ఇంట్లో ట్యాంకు పెట్టొచ్చా?

బరంపురం నుంచి:
నమస్తే అండి. ఇన్నాళ్లూ గప్పీలు, మోలీలు పెంచాను, ఇప్పుడు ఉప్పునీటి చేపలు పెంచాలని గట్టిగా అనిపిస్తోంది. రెండడుగుల గాజు ట్యాంకు ఖాళీగా ఉంది, 70 లీటర్ల దాకా పడుతుంది. గోపాల్‌పూర్ మాకు దగ్గరే కదా, క్యాన్లతో సముద్రపు నీళ్లు తెచ్చుకుంటే ఉప్పు కొనే ఖర్చు తప్పుతుందని నా ఆలోచన. మా పాపకి క్లౌన్‌ఫిష్ జత, ఒక నీలం టాంగ్ కావాలట. షాపతను వారంలో చేపలు వేసేయొచ్చంటున్నాడు, నమ్మొచ్చా? కరెంటు పోతే ఎలాగన్నది ఇంకో టెన్షన్.

ఛత్రపురం నుంచి:
వారం మాట నమ్మకండి, దయచేసి. మిగిలిన మేత, చేపల మలం కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, అది మొప్పల్ని కాల్చేస్తుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, ఇంకో రకం నైట్రేటుగా మారుస్తాయి, అవి రాళ్లలో ఇసుకలో నిలదొక్కుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపలు వద్దు, చిటికెడు మేత వేస్తూ టెస్ట్ కిట్‌తో చూస్తుండండి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకి దిగి అలాగే నిలబడితేనే చేపల సంగతి.

సముద్రపు నీళ్లు నాకైతే ఇష్టం లేదు. వానాకాలంలో ఋషికుల్య నీళ్లు, మిగతా నదుల నీళ్లు కలిసి మన ఒడ్డున ఉప్పు పల్చబడుతుంది, పైగా బోట్ల డీజిల్, మురుగు. ఆర్వో నీళ్లలో మెరైన్ సాల్ట్ (ఉప్పునీటి ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు) కలుపుకోండి, రిఫ్రాక్టోమీటర్‌లో, అంటే నీటిలో ఉప్పు కొలిచే పరికరంలో, సాంద్రత 1.025 రావాలి. వంట ఉప్పు పనికిరాదు.

నీలం టాంగ్ ఆశ వదిలేయండి, పాపకి నచ్చజెప్పండి. అది దాదాపు అడుగు పెరుగుతుంది, ఈదడానికి చోటు కావాలి, రెండడుగుల ట్యాంకులో పెట్టడం దానికి అన్యాయం. క్లౌన్ జత హాయిగా బతుకుతుంది, సముద్రంలో అది దాక్కునే అనిమోన్ అనే జీవి కూడా అక్కర్లేదు. రెండూ చిన్నవే కొనండి, పెద్దదయ్యేదే ఆడదవుతుంది, ఎందుకంటే క్లౌన్‌లన్నీ మొదట మగవే. హేచరీలో పుట్టినవే అడగండి, తమిళనాడులోని మండపం ఊళ్లో ఉన్న సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రంలో వీటిని ట్యాంకుల్లోనే పెంచారు. సముద్రంలో పట్టినవాటి కంటే అవి మేతకి తొందరగా అలవాటు పడతాయి.

పర్లాకిమిడి నుంచి:
పై అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నీళ్లు ఆవిరై తగ్గినప్పుడు ఉప్పునీళ్లు పోయకండి, ఉప్పు ఆవిరవదు కదా, మంచినీళ్లే పోయాలి. కొత్తగా పెట్టేవాళ్ల ట్యాంకులు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటాయి, చేపలు బాగానే కనిపిస్తూ ఉప్పు మాత్రం రోజురోజుకీ పెరిగిపోతుంటుంది.

ఎండాకాలం నీటి మీదకి చిన్న ఫ్యాను పెట్టండి, ఆవిరవుతూ వేడి తగ్గుతుంది, కానీ మీది తీరం, గాలిలో తేమ ఎక్కువ, మాకన్నా తక్కువ పనిచేస్తుంది. 27 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే మంచిది. ఇక కరెంటు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, మీకు 2013 ఫైలిన్ తుపాను గుర్తుండే ఉంటుంది. బ్యాటరీ ఎయిర్ పంపు ముందే కొని పెట్టుకోండి. కరెంటు లేనంతసేపూ మేత ఆపేయండి, చేపలకి ఒకటి రెండు రోజులు తిండి లేకపోయినా ఏం కాదు, గాలి లేకపోతేనే కష్టం.

బరంపురం నుంచి:
చాలా థ్యాంక్స్ అండి, టాంగ్ వద్దనుకున్నాం, పాప కూడా ఒప్పుకుంది. మా బావగారు ఎప్పుడో అండమాన్ నుంచి తెచ్చిన పగడపు ముక్కలున్నాయి, రాయి బదులు అవి వేయొచ్చా?

ఛత్రపురం నుంచి:
వేయకండి. పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, సముద్రపు గుర్రాలు కూడా, పట్టుబడితే కేసే. ట్యాంకు కోసం అమ్మే సిరామిక్ రాయి తీసుకోండి, బ్యాక్టీరియాకి సందులు కావాలంతే. పైన జాలీ మూత మర్చిపోవద్దు, ముందుముందు ఫైర్‌ఫిష్ లాంటివి తెస్తే బయటికి దూకేస్తాయి.