‘యూజ్డ్’ చివర ‘డ్’ ఉండాలా, పోవాలా?

కృష్ణాతీరం: అమెరికాలో ఉన్న మనవరాలికి మా ఊరి సంగతులు ఇంగ్లీషులో రాస్తున్నాను. ‘అప్పట్లో మా ఊరికి బస్సు ఉండేది కాదు’ దగ్గర ఆగిపోయాను. ‘దేర్ యూజ్డ్ నాట్ టు బి ఎ బస్’ అని బళ్లో చెప్పినట్టు లీలగా గుర్తు. మనవరాలేమో ‘డిడింట్ యూజ్ టు బి’ అంటుంది. అప్పుడు ‘డ్’ ఉంచాలా, తీసేయాలా?

పలకాబలపం: తీసేయాలి. ‘డిడ్’ వచ్చాక గతం అందులోకే పోయింది. ‘డిడింట్ వెంట్’ అనం కదా. మీ మాస్టారు చెప్పిందీ తప్పు కాదు, పాత బ్రిటిష్ పద్ధతి.

వానచినుకు: అంత తేలిగ్గా తేల్చకండి. పక్కనే ‘టు’ ఉంది కాబట్టి ‘డ్’ అందులో కలిసిపోతుంది. రెండూ పలికితే ‘యూస్టు’నే. అందుకే ఇంగ్లీషువాళ్లే చాలామంది ‘డ్’ పెట్టి రాసేస్తారు. నా లెక్కన అదిప్పుడు ఒకే మాట, విడదీయకూడదు.

పలకాబలపం: చెవి వేరు, రాత వేరు. నిఘంటువులు ‘డ్’ లేని రూపం వైపే మొగ్గుతాయి.

ఓరుగల్లు: ‘దేర్ వాజ్ నో బస్’ అంటే సరిపోదా? మా దిక్కు ‘బస్సు లేకుండె’ అంటం. మీ ‘లేదు’ నిన్నటికీ అదే, ఇవాళ్టికీ అదే. మా ‘లేకుండె’లో గతం కనబడుతుంది.

కృష్ణాతీరం: ‘వాజ్ నో’ అంటే ఆ ఒక్కరోజే లేదేమో అనుకోవచ్చు కదండీ. మాకు ఏళ్ల తరబడి లేదు, ఇప్పుడుంది. ఆ ధ్వని రావాలి.

వానచినుకు: ‘లేదు’కు కాలం లేకపోవడం లోపం కాదండీ. ‘కలఁడు కలండనెడువాఁడు గలఁడో లేఁడో’ చూడండి. ఆ ‘లేఁడో’కు ఏ కాలం తగిలించినా గజేంద్రుడి సందేహం చిన్నదైపోతుంది.

కడపగడప: ‘అనెడివాఁడు’ కదా?

వానచినుకు: రెండు పాఠాలూ వినిపిస్తాయి. ‘డు’ అయినా ‘డి’ అయినా లఘువే, కందం చెడదు. నేను మాత్రం ‘డు’నే వదలను. కలఁడు, వాఁడు, లేఁడో అంటూ పాదమంతా డకారం మోగుతోంటే మధ్యలో ‘డి’ ఎందుకు?

ఓరుగల్లు: అదీ మా బమ్మెర పోతన్న చెవి!

కడపగడప: ఆయన ఒంటిమిట్టవాడని మేమంటాం.

ఓరుగల్లు: ఇంటిపేరే బమ్మెర కదండీ. ఏకశిలానగరమంటే ఓరుగల్లే.

కడపగడప: మా కోదండరామాలయంలో సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉన్నారు. ఏకశిలానగరం పేరు మాకూ ఉంది, వదులుకోం.