‘జుర్యొబాప్కో’: అదిమి తొక్కడమా, ఆనీ ఆనకుండా నడవడమా?

సియోల్ విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను సియోల్‌లో ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న భాషా సంస్థలో కొరియన్ మొదటి స్థాయి చదువుతున్నాను. రోజుకు నాలుగు గంటలు, వారానికి ఐదు రోజులు, పది వారాలు, అంటే మొత్తం 200 గంటల పాఠం. ఇది ఎనిమిదో వారం. మంగళవారం మెట్రో స్టేషన్‌లో ప్లాట్‌ఫారం అంచున ఉండే గాజు పలక మీద అచ్చయిన ఒక కవితను కూడబలుక్కుంటూ చదువుతుండగా రైలు వచ్చింది, వెనకవారి తోపులాటలో లోపలికి వెళ్ళిపోయాను. చివరికి నాకు గుర్తున్నది ఇంతే: ‘సప్పున్హి … పాల్కో కాసి…’. మధ్యలో ఒక మాట జారిపోయింది.

‘కాసి’ దగ్గర నా కన్ను ఆగడానికి కారణం ఉంది. ఆ వారమే మాకు ‘సి’ అనే గౌరవ ప్రత్యయం నేర్పారు. ‘కా’ అంటే వెళ్ళడం, ‘కాసి’ అంటే పెద్దవారు వెళ్ళడం. తరగతి ముగింపు రోజున ఒక్కొక్కరం ఒక కొరియన్ పాదాన్ని మా మాతృభాషలో చెప్పి వివరించాలి. నేను దీన్నే ఎంచుకున్నాను. ఆ జారిపోయిన మాట ఏమిటో, దానికి తెలుగులో ఏ క్రియ సరిపోతుందో చెప్పగలరా?

పెనుకొండ అనువాదకుడు

అది కొరియన్ కవి కిమ్ సోవొల్ రాసిన ‘జిందల్లే పువ్వు’. జిందల్లే అంటే కొండల మీద పూసే అజేలియా. 1922లో పత్రికలో వచ్చి, 1925లో ఆయన సంపుటికి పేరుగా నిలిచింది. మీరు చదివినది మూడో చరణం. ‘కాసినున్ కొరుమ్‌గొరుమ్ నోఇన్ కు క్కోచుల్, సప్పున్హి జుర్యొబాప్కో కాసిఓప్‌సోసొ.’ మీరు వెళ్ళే అడుగడుగునా పరిచి ఉన్న ఆ పువ్వులను సప్పున్హి, అంటే సుతారంగా, ‘జుర్యొబాప్కో’ వెళ్ళండి. మీకు జారిపోయిన మాట ‘జుర్యొ’.

మీరు ‘పాల్కో’ అని రాశారు. దాన్ని ఇప్పుడే దిద్దుకుంటే మంచిది. ఆ అక్షరం కింద ల, ప అనే రెండు హల్లులు జంటగా ఉంటాయి. ఇలాంటి జంట మరో హల్లు ముందు వచ్చినప్పుడు మామూలుగా ‘ల’ పలుకుతుంది, ‘ప’ మౌనంగా ఉంటుంది. మీరు మొదటి నెలలోనే నేర్చుకునే ‘యొదొల్’, అంటే ఎనిమిది, చివరన కూడా ఇదే జంట ఉంది, అక్కడా ‘ల’యే పలుకుతుంది. కాని ‘తొక్కు’ అనే ఈ క్రియ దగ్గర ప్రామాణిక ఉచ్చారణ ఆ నియమాన్ని తిరగేసి ‘ప’ను పలికిస్తుంది, కనుక ‘బాప్కో’.

సియోల్ విద్యార్థిని

చాలా కృతజ్ఞతలు. అక్షరం అడుగున ఉండే హల్లును నేను మొదటి రెండు వారాలూ మన వత్తులాగే చదివేదాన్ని. మన వత్తు పై హల్లుతో కలిసి ముందుకు నడుస్తుంది, ఇక్కడ అడుగున ఉన్నది అచ్చు తరువాత పలికి అక్షరాన్ని మూసేస్తుంది. ఈ తేడా నాలుకకు పట్టడానికి ఇరవై రోజులు పట్టింది. ఇప్పుడు అడుగున రెండేసి హల్లులు వస్తుంటే మళ్ళీ మొదటికి వచ్చినట్టుంది.

ఇంతకీ ‘జుర్యొ’ అంటే? మా ఉపాధ్యాయురాలిని అడిగితే ‘మెల్లగా’ అన్నారు. కాని ‘సప్పున్హి’కి కూడా అదే అర్థం కదా.

దేజొన్ పరిశోధకుడు

పెనుకొండ వారికి చిన్న సవరణ. మా ప్రయోగశాలలో దేగు నగరం నుంచి వచ్చిన సహచరుడు ఇప్పటికీ ‘బాల్కో’ అనే అంటాడు. ఆగ్నేయ ప్రాంతపు మాండలికంలో ఆ జంట దగ్గర ‘ల’ నిలుస్తుంది. కాబట్టి ఆ అమ్మాయి చదివినది ప్రామాణికం కాదనండి, తప్పు అనకండి. పైగా కిమ్ సోవొల్ 1902లో పుట్టింది, 1934లో పోయింది వాయవ్య మూలనున్న ప్యొంగాన్ సీమలో. కవితలో చెప్పిన యొంగ్‌బ్యొన్, అక్కడి యాక్సాన్ కొండ నేడు ఉత్తర కొరియాలో ఉన్నాయి. ‘జుర్యొ’ గుట్టు కూడా అక్కడే ఉంది. అది సియోల్ మాట కాదు. అందుకే సియోల్ ఉపాధ్యాయురాలు సందర్భాన్ని బట్టి ‘మెల్లగా’ అన్నారు.

నిఘంటువు ‘జుర్యొబాప్తా’ను ప్రామాణిక రూపంగా ఒప్పుకోదు, ‘జిరుబాప్తా’ చూడమంటుంది. దానికి ఇచ్చిన అర్థం ‘పైనుంచి బరువు మోపి తొక్కు’ అని. అంటే మీ ఉపాధ్యాయురాలు చెప్పినదానికి సరిగ్గా ఎదురు.

చిత్తూరు సభ్యురాలు

అర్థం సంగతి తేలే లోపల ఆ అక్షరం పలకడం గురించి ఒక మాట. పెనుకొండ వారు ‘జు’ అని రాశారు, తెలుగు లిపిలో అంతకన్నా దగ్గర గుర్తు లేదు కనుక తప్పు పట్టను. కాని అక్కడున్నది మన ఉకారం కాదు. ఉ అనబోతూ పెదవులు గుండ్రంగా చుట్టకుండా, పళ్ళు కొద్దిగా కనబడేలా అడ్డంగా ఉంచి పలకాలి. మా ఇంట్లో తమిళమూ ఉంది కనుక నాకు ఇది మొదటిరోజే వచ్చింది. తమిళ మాటల చివర వచ్చే పొట్టి ఉకారం ఇంచుమించు ఇదే. అద్దం ముందు నిలబడి ‘ఉ’ అంటూ వేలితో పెదవుల మూలలు రెండు వైపులకూ లాగి చూడమనండి, రెండు రోజుల్లో పట్టుబడుతుంది.

తెనాలి మాస్టారు

నాకు కొరియన్ రాదు, తెలుగు మాట గురించే చెబుతాను. ఇందాకటి నుంచి అందరూ ‘తొక్కు’ అంటున్నారు, ఆ మాట ఇక్కడ నా చెవికి ములుకులా గుచ్చుకుంటోంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకు అద్దుకునే జాతి మనది, పువ్వుకు తగిలినా అంతే. కరుణశ్రీ పువ్వుల చేత తమను కోయవద్దని మొర పెట్టించినప్పుడు ఏడ్చిన పాఠకుల ముందు ‘పువ్వులను తొక్కి వెళ్ళండి’ అని ఎలా చదువుతారు? తెలుగులో ‘మెట్టు’ అనే చక్కని క్రియ ఉంది. మెట్టినిల్లు, మెట్టెలు, గుడి మెట్లు, అన్నిటా ఉన్నది అదే. అడుగు పెట్టడమే దాని అర్థం, కాని అందులో మన్నన ఉంది. ‘సుతారంగా మెట్టి వెళ్ళండి’ అంటే మెల్లగా అన్నవారికీ, బరువు మోపి అన్నవారికీ సరిపోతుంది.

పెనుకొండ అనువాదకుడు

మాస్టారూ, ‘మెట్టి’ నాకూ నచ్చింది, కాని దిక్కు తప్పింది. మెట్టడం రావడానికి వాడే మాట. కోడలు మెట్టినిల్లు అంటే ఆమె వచ్చి చేరిన ఇల్లు. ఈ కవితలో అవతలి మనిషి గుమ్మం దాటి పోతున్నారు. మొదటి పాదమే ‘నన్ను చూడడం వెగటై మీరు వెళ్ళేటప్పుడు’ అని మొదలవుతుంది. వెగటు కలిగి వదిలిపోయేవారి అడుగుకు కొత్తకోడలి అడుగు మాట తొడిగితే ఎలా?

ఇక ‘జుర్యొ’కు మూడో అర్థం చెప్పేవారూ ఉన్నారు. ‘జిరే’ అంటే ముందుగా. ఎవరి కాలూ పడకముందే మీరు ముందుగా తొక్కి వెళ్ళండి అని. నాకు చాలాకాలంగా దీని మీదే నమ్మకం. చల్లిన పువ్వుల మీద తొలి అడుగు ఆయనదే కావాలని కోరడం ఆ గొంతుకు తగినట్టుంటుంది.

దేజొన్ పరిశోధకుడు

ఆ అర్థం అందంగా ఉంది. కాని ‘జిరే’ ‘జుర్యొ’గా మారిందని చూపేది ఏది? నిఘంటువు చూపిన ‘జిరు’ అనే క్రియ నుంచి వచ్చిందనుకోవడమే నాకు దగ్గరిదారిగా తోస్తుంది. ఛందస్సును అడ్డం తెచ్చేవారికి ముందే చెబుతున్నాను. ఈ కవిత ఏడు, ఐదు అక్షరాల నడక. ‘సప్పున్హి జుర్యొబాప్కో’ ఏడు, ‘కాసిఓప్‌సోసొ’ ఐదు. ‘జిరుబాప్కో’ పెట్టినా ఏడే. గణాలు మనకు తీర్పు ఇవ్వవు.

సువొన్ గృహిణి

నేను ఇక్కడికి వచ్చి పదకొండేళ్ళయింది. మీ వాదన చదువుతూ నిన్నటి సంగతి రాయకుండా ఉండలేకపోయాను. జిందల్లేకు ఆకుల కన్నా ముందు పూలు వస్తాయి, వట్టి పుల్లల మీద ఊదా కలిసిన గులాబి రంగు. రేకు ఎంత పలచనో చేత్తో పట్టుకుంటే గాని తెలియదు. చాంద్రమానం మూడో నెల మూడో రోజున బియ్యప్పిండి బిళ్ళల మీద ఈ రేకులను అద్ది కాల్చుకు తింటారు. నిన్న వాన వెలిశాక మా ఇంటి వెనక కొండదారిలో రాలిన పూలున్నాయి. ఎంత మెల్లగా అడుగు వేసినా కాలు ఎత్తేసరికి రేకు రాతికి అంటుకుపోయి, రంగు పోయి, కింద రాయి కనబడేంత పారదర్శకమైపోయింది. ఒకటి నా చెప్పు అడుగుకు అతుక్కుని ఇంటిదాకా వచ్చింది.

ఆ పువ్వు మీద నడిస్తే అదమకుండా నడవడం లేదండీ. సప్పున్హి అన్నది కాలు వేసేవారి వైపు నుంచి, జుర్యొ అన్నది కింద ఉన్న పువ్వు వైపు నుంచి. నాకు ఆ రెండు మాటల మధ్య పోట్లాట కనబడదు.

తెనాలి మాస్టారు

అమ్మా, మీరు రాసినది నాలుగుసార్లు చదివాను. అయినా ‘మెట్టి’ని వదులుకోలేను. దిక్కు తప్పిందన్న పెనుకొండ వారికి నా జవాబు ఇది. వదిలిపోయేవారికి దారంతా పూలు పరిచిన మనిషి, ఆ పోకను రాకలాగా గౌరవించాలనుకుంటున్న మనిషే కదా. రాకకు చెందిన మాటను పోకకు వాడితేనే ఆ గుండె తెలుగులో వినబడుతుంది.

నిజానికి నన్ను కలవరపెడుతున్నది ‘వెళ్ళండి’. తెలుగింట గుమ్మం దగ్గర ఎవరితోనూ ఉత్త ‘వెళ్ళండి’ అనం. పోయేవారు ‘వెళ్ళొస్తాను’ అంటారు, ఉండేవారు ‘వెళ్ళి రండి’ అంటారు. వట్టి ‘వెళ్ళండి’ అంటే అమంగళం, లేదా కోపం. ఈ కవితలో కోపం లేదు. మరి ‘వెళ్ళి రండి’ అందామా?

సియోల్ విద్యార్థిని

మాస్టారూ, మొదటి వారంలో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి సరిగ్గా ఇదే. కొరియన్‌లో వీడ్కోలు రెండు రకాలు. ఉండిపోయేవారు వెళ్ళేవారితో ‘అన్న్యొంగి కాసేయో’ అంటారు, అంటే క్షేమంగా వెళ్ళండి. వెళ్ళేవారు ఉండేవారితో ‘అన్న్యొంగి కేసేయో’ అంటారు, అంటే క్షేమంగా ఉండండి. ఎనిమిది వారాలుగా రోజూ తరగతి గుమ్మం దగ్గర మా ఉపాధ్యాయురాలు మాతో కాసేయో అంటున్నారు, మేము కేసేయో అంటున్నాం, నేను ఇప్పటికీ వారానికి ఒకసారైనా తారుమారు చేస్తాను. ‘వెళ్ళండి’ అన్న మాటలో ఇక్కడ కరకుదనం ఏమీ లేదు. కవితలోని ‘కాసిఓప్‌సోసొ’ మేము రోజూ చెప్పే ఆ ‘కాసేయో’కే పాతకాలపు అతి గౌరవ రూపమని ఇప్పుడే తట్టింది. చారిత్రక ధారావాహికల్లో మంత్రులు రాజు కాళ్ళ ముందు వాలి వేడుకునేటప్పుడు వినబడే ‘ఓప్‌సోసొ’ ఇదే కదా?

పెనుకొండ అనువాదకుడు

ఇదేనమ్మా. ప్రార్థనల్లో కూడా ఇదే వాడతారు. ‘సి’ వెళ్ళే మనిషిని పైకెత్తుతుంది, ‘ఓప్’ మాట్లాడే మనిషిని కిందికి దించుతుంది, ‘సోసొ’ వేడుకోలు. మన ‘అండి’ వినేవారికీ చేసేవారికీ ఒకేసారి గౌరవం చెబుతుంది కనుక ఈ మూడు మెట్లూ మనకు ఒక్క మెట్టుగా కుదించుకుపోతాయి.

‘వెళ్ళి రండి’ మాత్రం కూడదు. వారికి ‘వెళ్ళి రండి’ లేక కాదు. ఇంట్లోవారు బయటికి వెళ్ళేటప్పుడు ‘తాన్యొ ఓసేయో’ అంటారు, అది అచ్చంగా మన ‘వెళ్ళి రండి’యే. ఆ మాట భాషలో సిద్ధంగా ఉండగా కవి ‘వెళ్ళు’ను ఒంటరిగా నిలిపాడు. తిరిగి రమ్మని ఒక్క అక్షరంతో కూడా అడగని గొంతు అది. తెలుగులో అమంగళంగా వినబడుతుందని మనం ‘రండి’ చేరిస్తే కవిత మొత్తం పోతుంది.

చిత్తూరు సభ్యురాలు

‘వేంచేయండి’ అంటే? పాతకాలపు గౌరవమూ ఉంది, వెళ్ళడానికీ రావడానికీ రెండింటికీ చెల్లుతుంది.

తెనాలి మాస్టారు

వేంచేయడం దేవుడి ఊరేగింపుకు తగిన మాట. నేను తెల్లవారుజాము నుంచి కాగితం మీద రాసి కొట్టేసిన వాక్యాల్లో మిగిలినది ఇది: ‘అడుగడుగున పరిచిన ఆ పూలను సుతారముగ మెట్టి వెళ్ళుడు’. ‘వెళ్ళుడు’ గ్రాంథికమే, కాని ‘ఓప్‌సోసొ’ కూడా నేటి వాడుక కాదంటున్నారు కదా.

దేజొన్ పరిశోధకుడు

మాస్టారి వాక్యంలో ‘సప్పున్హి’ వినబడుతోంది, ‘జుర్యొ’ వినబడడం లేదు. ‘మెట్టి’లో బరువు లేదు. సువొన్ వారు చూసిన ఆ రాతిని అంటుకున్న రేకు అందులో ఎక్కడుంది? నేనైతే ‘సుతారంగా అదిమి’ అంటాను. రెండు మాటలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటే ఒరుసుకోనివ్వండి, కొరియన్‌లోనూ ఒరుసుకుంటున్నాయి.

సియోల్ విద్యార్థిని

ఈ ఉదయం అరగంట ముందు బయలుదేరి అదే గాజు పలక దగ్గర నిలబడి కవిత మొత్తం చదివాను. రెండు రైళ్ళను వదిలేశాను. ‘జుర్యొ’ అనే అచ్చయి ఉంది, కింద వివరణ ఏమీ లేదు. చిత్తూరు అక్క చెప్పినట్టు పెదవులు చుట్టకుండా నాలుగుసార్లు పైకే చదివితే పక్కన నిలుచున్న ఒక పెద్దావిడ నా వైపు తిరిగి, నేను ‘బాప్కో’ దగ్గరకు రాగానే తనూ కలిసి మిగతా పాదం పూర్తి చేశారు. నాకు వచ్చిన నాలుగు మాటల కొరియన్‌లో ‘జుర్యొ అంటే ఏమిటండీ’ అని అడిగాను. ఆమె మాటలేమీ చెప్పలేదు. కుడికాలు కొద్దిగా ఎత్తి, మునివేళ్ళ మీద నేలకు ఆనించి, ఆ తరువాత మడమ మెల్లగా దించి ఒక్క క్షణం అలాగే ఉంచి చూపించారు. అంతలో ఆమె రైలు వచ్చింది. నేను ‘అన్న్యొంగి కాసేయో’ అన్నాను, ఈసారి తారుమారు కాలేదు.

తెనాలి మాస్టారు

మడమ ఎంతసేపు ఉంచారు తల్లీ? బరువు పడిందా, ఊరికే ఆనిందా?