ఓం బీచ్ నుంచి పారడైజ్ బీచ్‌కి: నడకా, పడవా?

బెళ్లందూరు_బ్యాచ్:
డిసెంబర్ రెండో వారాంతంలో బెంగళూరు నుంచి కర్ణాటక తీరంలోని గోకర్ణం వెళ్తున్నాం. మొత్తం ఐదుగురం, అందులో నాన్నగారికి 61 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. శనివారం పొద్దున దిగి, ఫ్రెష్ అయ్యి, భోంచేసి, మధ్యాహ్నం ఓం బీచ్ నుంచి హాఫ్‌మూన్ బీచ్ మీదుగా పారడైజ్ దాకా నడుద్దామని ప్లాన్. అక్కడే సూర్యాస్తమయం చూసి పడవలో వెనక్కి. దారి కష్టమా? పడవ ముందే మాట్లాడుకోవాలా? వీలైతే టెంట్ కూడా వేద్దామని ఉంది.

కొండదారి:
ముందు టెంట్ సంగతి. రాత్రి అక్కడ ఉండనివ్వరు, కాబట్టి ఆ బరువు బెంగళూరులోనే దింపేయండి.

దారి పెద్ద కష్టం కాదు గానీ అజాగ్రత్తగా నడిచేది కూడా కాదు. ఓం బీచ్ దక్షిణపు చివర రాళ్లు దాటగానే పొదల్లోంచి పైకి ఎక్కుతుంది. అక్కణ్ణుంచి హాఫ్‌మూన్‌కి మామూలుగా నడిచేవాళ్లకి అరగంట లోపే. హాఫ్‌మూన్ నుంచి పారడైజ్‌కి ఇంకో అరగంట, ఆగుతూ వెళ్తే ముప్పావుగంట. నేల ఎర్రటి లేటరైట్ రాయి, దాని మీద గోళీల్లాంటి గులకరాళ్లు. ఎక్కేటప్పుడు ఏమీ అనిపించదు, దిగేటప్పుడే కాలు జారుతుంది. ఫ్లోటర్స్, చెప్పులు పనికిరావు. అడుగున గాళ్లున్న పాత స్పోర్ట్స్ షూస్ చాలు.

జనం దెబ్బలు తగిలించుకునేది ఎక్కువగా అడ్డదారుల్లో. నీళ్ల వైపు దిగే కాలిబాటలు చాలా కనిపిస్తాయి, వాటిలో కొన్ని ఫోటోల కోసం దిగినవాళ్లు వేసినవే. బాట సముద్రం అంచుకి తీసుకెళ్లి ఆగిపోతే అక్కణ్ణుంచి రాళ్ల మీద గెంతుతూ ముందుకు పోవద్దు. వెనక్కి వచ్చి పై దారి పట్టుకోండి. తడి రాయి మీద పాచి ఉంటే షూ కూడా నిలవదు, పైగా రాళ్లకి అంటుకున్న చిప్పలు అరచేతిని బ్లేడులా కోస్తాయి.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు. అవతల దుకాణం దొరుకుతుందని నమ్ముకోవద్దు. ఫోన్ సిగ్నల్ కూడా అంతే.

అడయారు_అల:
చెన్నై నుంచి రాస్తున్నాను. దారి గురించి పై మాటలతో ఏకీభవిస్తాను గానీ, మీ ప్లాన్‌లో టైమింగే తలకిందులుగా ఉంది. డిసెంబర్‌లో అక్కడ సూర్యాస్తమయం ఆరు దాటిన కొద్ది నిమిషాలకే, ఆరున్నరకి చీకటి. సూర్యుడు దిగేదాకా చూసి పడవ కోసం వెతికితే, అప్పటికి పడవలవాళ్లు ఇళ్లకి బయల్దేరి ఉంటారు. మిగిలేది ఆ గులకరాళ్ల దారిలో ఫోన్ టార్చితో నడక.

ఇంకోటి, ఈ కాలంలో పొద్దున సముద్రం శాంతంగా ఉంటుంది. మధ్యాహ్నం దాటితే వాయవ్యం వైపు నుంచి గాలి లేచి పడవ ఎగిరెగిరి పడుతుంది. కాబట్టి పడవ ఎక్కేదుంటే పొద్దునే ఎక్కండి. ఎనిమిదింటికి పడవలో పారడైజ్, పదకొండు లోపు నడిచి హాఫ్‌మూన్, ఎండ ముదిరేలోపు ఓం బీచ్ నీడలో కాఫీ. సూర్యాస్తమయం ఓం బీచ్ నుంచి కూడా అంతే బాగుంటుంది!

మన చెన్నైలో ఆటుపోట్ల తేడా మీటరు దాకానే. అక్కడ అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రెండు మీటర్లకు దగ్గరగా ఉంటుంది. అందుకే పొద్దున నడిచిన ఇసుకపట్టీ మధ్యాహ్నానికి మాయమవుతుంది. కార్వార్ పోర్టు టైడ్ టేబుల్ చూసుకోండి, గోకర్ణానికి కొద్ది నిమిషాలే తేడా. పోటుకీ ఆటుకీ మధ్య సుమారు ఆరుంబావు గంటలు, రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వెళ్లే ముందు రోజు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్ల అలల హెచ్చరిక కూడా చూడండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా దూరపు తుఫాను తాలూకు పెద్ద అలలు రావచ్చు.

పడవ దిగడం గురించి ఎవరూ చెప్పరు గనుక చెప్తున్నా. జెట్టీ ఉండదు, మోకాలి లోతులోనో తొడల లోతులోనో దిగాలి. పెద్ద అలలు మూడు నాలుగు వరసగా వచ్చి కాస్త విరామం ఇస్తాయి, పడవవాడు చెప్పినప్పుడే ఆ విరామంలో దిగండి. దిగాక పడవకీ ఒడ్డుకీ మధ్య నిలబడొద్దు. అల వస్తే పడవ అడ్డం తిరిగి కాళ్ల మీదకి వస్తుంది. లైఫ్ జాకెట్ బకిల్స్ ఎక్కకముందే పెట్టి చూసుకోండి, విరిగినవి ఉంటాయి. ఫోన్లు, పర్సులు మూత గట్టిగా పడే డ్రై బ్యాగులో.

బెళ్లందూరు_బ్యాచ్:
చాలా థ్యాంక్స్ అండీ. టెంట్ క్యాన్సిల్, పొద్దున పడవ ఫిక్స్. కానీ నాన్నగారిని పడవలోంచి తొడల లోతు నీళ్లలోకి దింపడం భయంగా ఉంది. ఆయన్ని రూమ్‌లో వదిలేయడం కూడా ఇష్టం లేదు.

బేలెకాన్_బాట:
వదిలేయక్కర్లేదు, పడవా అక్కర్లేదు. పారడైజ్‌కి దక్షిణం వైపు నుంచి, బేలెకాన్ ఊరి మీదుగా వెళ్లండి. ఆటో రోడ్డు చివరిదాకా వస్తుంది, అక్కణ్ణుంచి ఇరవై నిమిషాల నడక. ఆయనకి అరగంట వేసుకోండి. పెద్ద ఎక్కుడు లేదు, ఒకటి రెండు చోట్ల రాళ్లు దిగాలి, అక్కడ చెయ్యి అందిస్తే చాలు. చేతికర్ర ఉంటే ఇంకా మంచిది. మీలో ఒకరు ఆయనతో ఇటు రండి, మిగతావాళ్లు ఓం నుంచి పడవలో వచ్చి కలుసుకోండి. సిగ్నల్ ఉండదు గనుక, ఎన్నింటికి కలవాలో, రాకపోతే ఎంతసేపు చూడాలో ముందే అనుకోండి. తిరుగుప్రయాణానికి అదే ఆటోని టైమ్ చెప్పి రమ్మనండి, సగం డబ్బు తిరిగి వచ్చినప్పుడే ఇస్తామనండి. పడవవాళ్లకీ ఇదే పద్ధతి.

ఈత విషయం ఒక్కటి. చివర్లలో, కొండరాళ్ల పక్కన, అలలు విరగకుండా నున్నగా కనిపించే సందు ఉంటుంది. ప్రశాంతంగా ఉందని అందరూ దిగేది అక్కడే, నీళ్లు లోపలికి లాగేదీ అక్కడే. ఇసుక కలిసిన నీళ్లు, నురుగు సముద్రం వైపు పోతున్నట్టుంటే అదే ఆ చోటు. పట్టుబడితే ఒడ్డుకి ఎదురు ఈదొద్దు. రాళ్లకి దూరంగా ఒడ్డుకి సమాంతరంగా ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక ఒడ్డు వైపు తిరగాలి. ఈత రానివాళ్లు నడుము దాటి వెళ్లకపోతే ఇదంతా అక్కర్లేదు. పారడైజ్‌లో లైఫ్‌గార్డ్ ఉంటాడని అనుకోవద్దు.

కొండదారి:
బేలెకాన్ మాట బాగుంది, నేనూ అదే చెప్పాల్సింది. రైల్లో వస్తుంటే పంచగంగ ఎక్స్‌ప్రెస్‌కి గోకర్ణ రోడ్ స్టేషన్‌కి టికెట్ తీసుకోండి, ఊరు అక్కణ్ణుంచి పది కిలోమీటర్ల లోపే. బస్సయితే ఊళ్లోకి వస్తుందో, హైవే మీద మాదనగేరి క్రాస్‌లో దింపేస్తుందో బుక్ చేసేముందే అడగండి. తెల్లారకముందు ఆ క్రాస్‌లో పెద్దాయనతో ఆటో కోసం నిలబడటం బాగోదు. మహాబలేశ్వరుడి దర్శనం కూడా ఉంటే మగవాళ్లకి పంచె పెట్టుకోండి, లోపలికి చొక్కా తీసే వెళ్లాలి.