ఫాంటమ్ చూసిన రాత్రే ‘లవ్ నెవర్ డైస్’ వేసుకోవచ్చా?

కొత్తకుర్చీ
మాస్కు వేసుకున్న ఫాంటమ్, అతను ప్రేమించే గాయని క్రిస్టీన్‌ల పాటల నాటకం ‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ 25వ వార్షికోత్సవం డిస్కు (లండన్ ఆల్బర్ట్ హాల్, 2011), దాని సీక్వెల్ ‘లవ్ నెవర్ డైస్’ డిస్కు (మెల్‌బోర్న్ రీజెంట్ థియేటర్, అదీ 2011లోనే తీసింది) రెండూ ఉన్నాయి. శనివారం రాత్రి వరసగా వేసేయొచ్చా, మధ్యలో గ్యాప్ ఇవ్వాలా? టీవీ 55 అంగుళాలు, సౌండ్‌బార్ ఉంది.

బాక్స్‌నంబర్5
ఒకే రాత్రి వద్దండి. మొదటిదే రెండున్నర గంటలు దాటుతుంది. చివర మొట్టమొదటి క్రిస్టీన్ శారా బ్రైట్‌మన్, ఇదివరకు ఫాంటమ్ వేసిన నటులు వచ్చి పాడతారు. దాని మీద ఇంకో రెండు గంటలంటే పెళ్లి భోజనం చేసొచ్చి టిఫిన్‌కి కూర్చున్నట్టు. పైగా మొదటిదాంట్లో ఫాంటమ్, క్రిస్టీన్ వేసిన రమీన్ కరీమ్లూ, సియెర్రా బోగెస్ గొంతులు చెవిలో ఉండగానే అవే వేషాల్లో బెన్ లూయిస్, ఆనా ఓబర్న్ మొదలవుతారు. మొదటి పాటంతా పోలికలతోనే సరిపోతుంది. కనీసం వారం ఆగండి.

ఇక సెట్టింగులు. టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నునుపు చేసే సెట్టింగు) ఆపేయండి, నాటకాన్ని డైలీ సీరియల్‌లా చూపించేది అదే. సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ తీసేయండి. అది చిన్న శబ్దాన్ని లేపి పెద్దదాన్ని నొక్కుతుంది, సీక్వెల్‌లోని ‘ద బ్యూటీ అండర్‌నీత్’ పాటలో గిటారు, డ్రమ్ములు దిగే చోట ఏమీ తెలీదు. పాట ముందు వినపడి పెదాలు తర్వాత కదులుతుంటే బొమ్మ వెనకబడుతోందన్నమాట. ఆడియో డిలే 20 మిల్లీసెకండ్ల చొప్పున పెంచుతూ కలపండి. పాటే వెనకబడితే మాత్రం డిలే పెంచకండి, ఇంకా పాడవుతుంది.

లెక్కలమాస్టారు
లిబ్రెటోలో, అంటే నాటకం మాటల పుస్తకంలో, మొదటి కథ 1881. సీక్వెల్‌లో ‘పదేళ్ల తర్వాత’ అంటారు, న్యూయార్క్ కోనీ ఐలాండ్, 1907. ఎవరైనా కూడి చూశారా?

హార్మోనియంశాస్త్రి
బాక్స్ గారూ, సెట్టింగుల వరకూ మీతో పేచీ లేదు. కానీ వారం ఆగమనడం తప్పు సలహా. మెల్‌బోర్న్‌లో తెర లేవగానే ఫాంటమ్ ఒంటరిగా ‘టిల్ ఐ హియర్ యూ సింగ్’ పాడతాడు. మొదటి నాటకంలో కుర్చీలో మాస్కు మాత్రమే మిగిలిన ఆ చివరి దృశ్యం కళ్లలో ఉండగా విన్నప్పుడే ఆ పాట గుచ్చుకుంటుంది. వారం పోతే అది మామూలు విరహగీతం. 2010 లండన్ ఆల్బమ్‌లో ముందు ప్రోలోగ్, కోనీ ఐలాండ్ వాల్ట్జ్ నడిచాకే ఆ పాట వస్తుంది. తర్వాత దాన్ని ఎత్తి మొదట్లో పెట్టుకున్నది ఊరికే కాదు.

గొంతుల సంగతంటారా, 2010లో లండన్ అడెల్ఫీ థియేటర్‌లో ఈ సీక్వెల్ మొదలుపెట్టింది కరీమ్లూ, బోగెసే. అంత పట్టింపు ఉంటే వాళ్ల ఆల్బమ్ ముందు వినమనండి.

గ్రీన్‌రూమ్
పాజ్ ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పట్లేదు. సీక్వెల్‌లో క్రిస్టీన్ కొడుకు గుస్తావ్‌కి అసలు తండ్రి ఫాంటమే అని బయటపడ్డాక, ఫాంటమ్‌ని కాపాడుకొచ్చిన మదామ్ గిరీ రగిలిపోతుంది, అక్కడికి మొదటి అంకం అయిపోతుంది. రెండో అంకం క్రిస్టీన్ భర్త రౌల్ బార్‌లో తాగుతూ మొదలవుతుంది. ఆ మధ్య పదిహేను నిమిషాలు లైట్లు వేసి కూర్చోండి. ఏకబిగిన చూస్తే రౌల్ పాటకి ఓపిక ఉండదు, ఫాంటమ్‌తో అతను కాసే పందెం దృశ్యం తేలిపోతుంది. ‘డియర్ ఓల్డ్ ఫ్రెండ్’ పాటలో మాత్రం సబ్‌టైటిల్స్ తీసేయండి. నలుగురూ ఒకరి మీద ఒకరు పాడుతుంటే కింద అక్షరాలు చదవడమా, మొహాలు చూడడమా?

బాక్స్‌నంబర్5
ఆల్బమ్ ముందు వినమనడం ఇంకా ఘోరం. వరస వేరు, మాటలు వేరు. పోనీ ట్యూనైనా కొత్తదా? సీక్వెల్ టైటిల్ పాట బాణీ 1998లోనే ‘ద హార్ట్ ఈజ్ స్లో టు లెర్న్’గా వచ్చింది, 2000లో ‘ద బ్యూటిఫుల్ గేమ్’ అనే నాటకంలో ఇంకో పాటైంది. మూడో వాడకం ఇది.

హార్మోనియంశాస్త్రి
బాణీ పాతదైతే ఏం? మన పద్యనాటకాల్లో అదే రాగానికి వన్స్ మోర్ కొట్టలేదా! నెమలిపింఛం తెర ముందు ఆనా ఓబర్న్ ఆ పాట పాడటం ఒక్కసారి పూర్తిగా చూసి మాట్లాడండి. కిందటిసారి నేను పేజీడు రాస్తే ‘పెయింట్ నెవర్ డ్రైస్’ అని ఎవరిదో పాత జోకు పడేసి పోయారు. మీరు రెండో అంకం చూశారన్న నమ్మకం నాకు లేదు.

లెక్కలమాస్టారు
1881+10=1891. ఎవరూ మాట్లాడరు.

బాక్స్‌నంబర్5
చూశాను కాబట్టే అంటున్నాను. మొదటి నాటకం చివర క్రిస్టీన్ ఫాంటమ్‌కి ముద్దు పెట్టింది జాలితో. అతను వదిలేశాడు, ఆమె ఉంగరం తిరిగిచ్చి వెళ్లిపోయింది. నాటకమంతా ఆ ఒక్క నిర్ణయం మీద నిలబడింది. సీక్వెల్ వచ్చి, కాదు, రౌల్‌తో పెళ్లికి ముందు ఆమే ఫాంటమ్‌ని వెతుక్కుంటూ వెళ్లిందంటుంది. అప్పుడా ముద్దు జాలి ఎలా అవుతుంది? అదే రాత్రి చూస్తే మొదటిది చెడిపోతుంది. వారం గ్యాప్ అందుకు.

హార్మోనియంశాస్త్రి
అదీ! అలసట, గొంతులు, బాణీ అన్నీ సాకులన్నమాట. మొదటి పోస్టులోనే చెప్పొచ్చుగా. అయ్యా, దీనికి మూలమైన లెరూ నవలలో ఎరిక్, అదే ఫాంటమ్, చచ్చిపోతాడు. 1986లో ఈ నాటకానికి బాణీలు కట్టిన వెబ్బర్ చంపకుండా మాయం చేశాడు. ఆ తిరగరాయడం మీకు నచ్చింది, ఇది నచ్చలేదు, అంతే. వ్యాసభారతంలో శశిరేఖే లేదు, మాయాబజార్ వద్దన్నామా?

బాక్స్‌నంబర్5
శశిరేఖ వచ్చి భారతంలో ఎవరు తీసుకున్న నిర్ణయాన్నీ అబద్ధం చెయ్యలేదండీ. నవల, నాటకం వేరు వేరు. ఇది అదే నాటకానికి రెండో భాగమని, అవే పేర్లతో, పాత బాణీలు మధ్యలో వినిపిస్తూ వచ్చింది.

హార్మోనియంశాస్త్రి
రాసిన మనిషే పాత్రకి తర్వాత ఏమైందో చెప్తుంటే కాదనడానికి మనమెవరం?

బాక్స్‌నంబర్5
టిక్కెట్టు కొన్నవాళ్లం.

గ్రీన్‌రూమ్
ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి. అవతల ఆయన అడిగింది శనివారం గురించి.

కొత్తకుర్చీ
చదివాను. శనివారం ఆల్బర్ట్ హాల్, ఆదివారం సాయంత్రం మెల్‌బోర్న్, మధ్యలో పాజ్. నైట్ మోడ్ బటన్ రిమోట్ మీదే ఉంది, ఇన్నాళ్లూ ఆన్‌లోనే ఉందిట.

లెక్కలమాస్టారు
అన్నట్టు మొదటి నాటకం ఆరంభంలో వచ్చే వేలంపాట 1905. అక్కడ రౌల్ చక్రాల కుర్చీలో పండు ముసలాయన. 1907లో అదే రౌల్ లేచి నిలబడి బార్‌లో పందెం కాస్తాడు. దీనికి ఏ సెట్టింగ్ మార్చాలి?