పాత రికెన్‌బాకర్ బేకలైట్ స్టీల్ గిటార్: కొనే ముందు ఏమేమి చూసుకోవాలి?

ఖరగ్‌పూర్ అబ్బాయి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన రోజుల్లో ఒక బెంగాలీ మాస్టారి దగ్గర హవాయియన్ గిటార్ నేర్చుకున్నారు. మామూలు గిటారుకే నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) మీద లోహపు పట్టీ తొడిగి తీగలను ఎత్తు చేసి, ఒడిలో వెల్లకిలా పెట్టుకుని, ఎడమ చేతిలో స్టీలు కడ్డీ పట్టుకుని రవీంద్ర సంగీతం వాయించేవారు. నేనిప్పుడు కాలిఫోర్నియాలో ఉంటున్నాను. ఇక్కడ పాత సామాన్ల దుకాణంలో రికెన్‌బాకర్ అనే అమెరికా కంపెనీ బేకలైట్‌తో (తొలినాటి గట్టి ప్లాస్టిక్) చేసిన ఆరు తీగల స్టీల్ గిటార్ ఒకటి కనిపించింది. నల్లటి ఒళ్ళు, దానిపై క్రోమియం పలకలు, తీగలను పైనుంచి కమ్ముకుని ఉన్న గుర్రపునాడా అయస్కాంతాలు. ఇది రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదని అమ్మే ఆయన అంటున్నారు గానీ, ఆధారమేమీ చూపలేదు. సంక్రాంతికి విజయనగరం తీసుకువెళ్ళి నాన్నగారి ఒడిలో పెట్టాలని నా కోరిక. దీని వయసును ఎలా నిర్ధారించుకోవాలి? యాంప్లిఫైయర్ కూడా ఇక్కడి నుంచే తేవాలా?

బేకలైట్ ప్రేమికుడు:
ముందు ఒక స్కేలు పట్టుకువెళ్ళి ఆ అయస్కాంతాల వెడల్పు కొలవండి. యుద్ధానికి ముందు తయారైనవాటిలో అది 1.5 అంగుళాలు ఉంటుంది, తర్వాత వచ్చినవాటిలో 1.25 అంగుళాలకు తగ్గింది. రెండో గుర్తు తీగల కొసల దగ్గర కనిపిస్తుంది. పాతవాటిలో తీగలు గిటారు వెనక నుంచి ఒంటిలోని రంధ్రాల గుండా పైకి వస్తాయి, తర్వాతి కాలంవాటిలో తీగలు తగిలించడానికి వేరే లోహపు ముక్క ఉంటుంది. ఈ రెండు గుర్తులూ ఒకదానికొకటి సరిపోతేనే అమ్మేవారి మాట నమ్మండి.

ఆ అయస్కాంతాల కోసమే వాయిద్యకారులు ఈ గిటారును ఇంతగా వెతుకుతారు. జార్జ్ బీచమ్ రూపొందించిన ఈ పికప్‌లో (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) తీగలు రెండు గుర్రపునాడాల మధ్యనుంచి సాగిపోతాయి, వాటి కింద తీగచుట్ట ఉంటుంది. 1932లో ఇదే పికప్‌తో అమ్మకానికి వచ్చిన మొదటి గిటారు పోతపోసిన అల్యూమినియందే. గుండ్రటి ఒళ్ళు, పొడుగాటి మెడ చూసి దానికి ‘పెనం’ అనే ముద్దుపేరు పెట్టారు. అయితే వేదిక మీది దీపాల వేడికి అల్యూమినియం సాగి శ్రుతి తప్పిపోతుండేది. అందుకే 1935లో బేకలైట్ నమూనాను తెచ్చారు. బేకలైట్ వేడికి అంతగా సాగదు గానీ గాజులా పెళుసు, కింద పడితే పగులుతుంది. మెడను ఒంటికి బిగించిన బోల్టుల చుట్టూ సన్నని వెంట్రుకవంటి గీతలున్నాయేమో వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి.

ఒక్కటి మాత్రం దయచేసి గుర్తుంచుకోండి. తుడవడానికైనా సరే, అయస్కాంతాలను ఊడదీయకండి. ఇటువంటి పాత ఉక్కు అయస్కాంతాలు చోటు తప్పిస్తే బలం కోల్పోతాయి, దానితో ఆ నిండైన నాదమూ పోతుంది.

ఒడిగిటార్:
పై మిత్రుని మాటలతో పూర్తిగా ఏకీభవిస్తూ తీగల సంగతి చెబుతాను. ఈ గిటారులో నట్ నుంచి బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే చోటు) వరకు 22.5 అంగుళాలే, అంటే మామూలు గిటారు కంటే తీగ పొట్టిది. అందువల్ల తీగలు మరీ సన్నగా ఉంటే వదులుగా ఊగి, కడ్డీ బరువుకు కుంగుతాయి. సి6 శ్రుతికి (తీగలను సి, ఇ, జి, ఎ స్వరాలకు బిగించే పద్ధతి) నేను అన్నిటికంటే సన్నని తీగ 0.015 అంగుళాల నుంచి లావు తీగ 0.036 వరకు వాడుతున్నాను. అయితే నాన్నగారు ఏ శ్రుతిలో నేర్చుకున్నారో ముందుగా ఆయననే అడిగి, దానికి తగిన తీగలు కొనడం మంచిది. ఏళ్ళ తరబడి ఒక శ్రుతికి అలవాటుపడిన చేతికి మరో శ్రుతి వాయిద్యం పరాయిదిగా తోస్తుంది.

కడ్డీ విషయంలోనూ అంతే. పక్కల గాడులున్న స్టీవెన్స్ రకం కడ్డీని వేళ్ళతో గట్టిగా పట్టుకుని ఎత్తి మళ్ళీ తీగ మీద పెట్టవచ్చు, ముక్కు గుండ్రంగా ఉండే బరువైన కడ్డీ తీగ మీద జారడానికి హాయిగా ఉంటుంది. తీగల మీద కర్రముక్క జార్చి వాయించే గోటువాద్యం విన్నవారికి ఈ జారుడులోని గమకం కొత్తేమీ కాదు.

వాల్వుల మరమ్మతు:
యాంప్లిఫైయర్ గురించి నా అనుభవం చెబుతాను. అమెరికా నుంచి తెచ్చిన పాత వాల్వు యాంప్లిఫైయర్‌ను నేను తొందరపడి నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టాను. క్షణంలో కాలిన వార్నిష్ వాసన వచ్చింది, ట్రాన్స్‌ఫార్మర్ పనికిరాకుండా పోయింది. అక్కడివి 110 నుంచి 120 వోల్టులకు చేసినవి కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అంతకంటే ముఖ్యం, ఆ కాలపు యాంప్లిఫైయర్లకు రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది, ఎర్త్ ఉండదు. మెయిన్స్ నుంచి ఛాసిస్‌కు (యాంప్లిఫైయర్ లోహపు చట్రం) కలిపిన కెపాసిటర్ చెడిపోతే లోహపు తీగల మీద చెయ్యి వేసిన మనిషికే షాక్ కొడుతుంది. పెద్దాయన వాయించేది గనుక, ఎర్త్ ఉన్న కొత్త చిన్న యాంప్లిఫైయర్ విజయనగరంలోనో విశాఖలోనో కొనండి. గిటారు పికప్ నాదం దానిలోనూ చక్కగా పలుకుతుంది.

ఖరగ్‌పూర్ అబ్బాయి:
అందరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రం వెళ్ళి కొలిచాను. అయస్కాంతాల వెడల్పు సరిగ్గా 1.5 అంగుళాలు, తీగలు వెనక నుంచే పైకి వస్తున్నాయి, బోల్టుల దగ్గర పగుళ్ళు లేవు. బయానా ఇచ్చి వచ్చాను. నాన్నగారికి ఫోను చేసి శ్రుతి అడిగితే, ఆయన లోపలికి వెళ్ళి పాత కడ్డీని తెచ్చి వీడియోలో చూపించారు. బొటనవేలు ఆనే చోట దాని మెరుగు పోయి మచ్చగా ఉంది. కొత్త కడ్డీ కొనవద్దని, రెండు సెట్ల తీగలు మాత్రం తెమ్మని చెప్పారు.